కారు లారీ ఎక్కే ముందు

దూరప్రాంతానికి కారు పంపించాలి. ఫోన్ చేస్తే పదిమంది రేట్లు చెబుతారు. వాళ్లలో ఎవరి చేతిలో తాళాలు పెట్టాలి?

పిల్లల పరీక్షలు అయిపోగానే బదిలీల కాలం మొదలవుతుంది. బ్యాంకుల్లో, రక్షణ శాఖలో, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో వేసవంటే టీసీలు, అట్టపెట్టెలు, కొత్త ఊళ్లో అద్దె ఇంటి వేట. ఐటీ ఉద్యోగాలకైతే ఆ కాలం కూడా లేదు. గురుగ్రామ్ నుంచి పిలుపొస్తే నెల తిరక్కుండా వెళ్లాలి. సామాను సంగతి ఎలాగో తెములుతుంది. మంచం కోడు విరిగితే వడ్రంగిని పిలుస్తాం. కారు దగ్గరికొచ్చేసరికే అందరికీ గుండె దడ. చాలా ఇళ్లలో అది వాయిదాలు ఇంకా తీరని ఆస్తి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. ముసలివాళ్లనీ చంటిపిల్లల్నీ ఎక్కించుకుని అంత దూరం నడుపుకుంటూ పోవడం అందరివల్లా కాదు. ముక్కూమొహం తెలియని డ్రైవరుకు అప్పగించడానికి మనసొప్పదు. ఇక మిగిలింది కార్లను మోసే ట్రైలర్. ఈ దారిలో దెబ్బతిన్నవాళ్ల కథలు వింటే ఒక సంగతి మళ్లీమళ్లీ వినిపిస్తుంది. వాళ్లు మాట్లాడింది ఒకరితో, డబ్బు కట్టింది ఇంకొకరికి, కారు ఎక్కింది మూడోవాళ్ల లారీ. ఏదైనా జరిగితే ముగ్గురూ మాకు తెలియదనేవాళ్లే. అందుకే కంపెనీ ఎంపికలో రేటూ స్టార్లూ తర్వాత చూసుకోవచ్చు. నా కారును మోసే బండి ఎవరిది, దానికి కాగితం మీద పూచీ ఎవరిది అన్నది ముందు తేలాలి.

పది ఫోన్లు, ఒకే ట్రైలర్

ఆన్‌లైన్‌లో ఒకచోట పేరు, నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికో నింపి చూడండి. కాసేపట్లో ఫోన్లు వరసకడతాయి. మీ నంబరు ఒకేసారి చాలామందికి అమ్ముడుపోయిందన్నమాట. సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది.

"సార్, ఏ కారండీ? హైదరాబాద్ టు ఢిల్లీ కదా? డోర్ టు డోర్ పన్నెండు వేలు. టోకెన్ రెండు వేలు వేసెయ్యండి, రేపే పికప్."

"రేపు ట్రైలర్ మా ఇంటికే వస్తుందా అండీ?"

"వస్తుంది సార్, మన సొంత బండే."

రాదు. మన కాలనీ వీధుల్లో ట్రైలర్ తిరగదు. పైగా నగరాల్లోకి పగటిపూట భారీ వాహనాలకు ప్రవేశం ఉండదు. జరిగేదేమిటంటే, ఒక డ్రైవరు మీ ఇంటికొచ్చి కారును ఊరి శివారు యార్డు దాకా నడుపుకుంటూ వెళతాడు. అక్కడ అది తన వంతు కోసం ఎదురుచూస్తుంది. ఒక్క కారుతో ట్రైలర్ కదలదు, అటువైపు వెళ్లే ఏడెనిమిది కార్లు పోగవ్వాలి. రేపే ఎక్కిస్తామని ఖాయంగా చెప్పేవాడికంటే, "లోడు నిండడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చండీ, ఈలోపు కారు మా యార్డులో ఉంటుంది" అనేవాడిని నేను ఎక్కువ నమ్ముతాను. వాడికి ఈ పని తెలుసు. తెలిసినదాన్ని మన దగ్గర దాచడం లేదు.

ఫోన్‌లో మాట్లాడేవాళ్లు చాలావరకు బుకింగ్ ఏజెంట్లు. మన దగ్గర ఆర్డరు తీసుకుని ట్రైలర్లున్నవాళ్లకు అప్పగిస్తారు. అందులో తప్పేమీ లేదు. లోడు దొరకని బండినీ, బండి దొరకని మనిషినీ కలపడం ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న పని. తప్పల్లా ఏజెంటు తానే ట్రాన్స్‌పోర్టరునని చెప్పుకోవడంలో ఉంది. "మీరు ఏజెంటా, బండి ఓనరా? నా కారు ఎవరి ట్రైలర్ మీద వెళుతుంది? మధ్యలో నాగపూర్‌లోనో మరోచోటో బండి మారుతుందా?" అని సూటిగా అడగండి. నిజాయతీగల ఏజెంటు ట్రైలర్ యజమాని పేరు చెబుతాడు. మాట దాటేసేవాడికి అక్కడితో నమస్కారం పెట్టేయండి.

ఇక అందరికంటే తక్కువ రేటు. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా ఎవరికైనా ఒక్కటే. నలుగురు ఇరవై వేలకు అటూఇటూగా చెబుతున్నప్పుడు ఒక్కడు పన్నెండు వేలన్నాడంటే, మిగతా ఎనిమిది వేలు ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడనే అనుకోవాలి. కారు లోడయ్యాక, మన చేతిలో ఏమీ లేనప్పుడు ఫోన్ వస్తుంది. "రాష్ట్రం బోర్డరులో ఎంట్రీ ట్యాక్స్ అడుగుతున్నారు సార్, అర్జెంటుగా ఆరు వేలు పంపండి, లేకపోతే బండి ఇక్కడే ఆగిపోతుంది." 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడే సరకుల మీద ఎంట్రీ ట్యాక్స్, ఆక్ట్రాయ్ అందులో కలిసిపోయాయి. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులూ ఎత్తేశారు. ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే అది అబద్ధం. మీరు సొంతంగా వాడుకునే పాత కారు సొంత సామాను కిందికే వస్తుందని, దానికి ఈ-వే బిల్లు అడగడం కుదరదని కేరళ హైకోర్టు చెప్పిన తీర్పు కూడా ఉంది.

అమెరికాలో ఉద్యోగం మారి న్యూజెర్సీ నుంచి డాలస్‌కో, డాలస్ నుంచి సియాటిల్‌కో కారు పంపే మనవాళ్లకూ ఇదే చిక్కు. అక్కడ బ్రోకరుకు, క్యారియరుకు ఫెడరల్ రిజిస్ట్రేషన్లు వేరువేరు. రవాణా భద్రతా విభాగం ఎఫ్ఎంసీఎస్ఏ వెబ్‌సైటులో కంపెనీ యూఎస్ డాట్ నంబరు కొడితే అది బ్రోకరో క్యారియరో, లైసెన్సు నడుస్తోందో లేదో కనిపిస్తుంది. బ్రోకరు 75,000 డాలర్ల బాండు పెట్టాలి. మోసేవాడికి సరకు బీమా ఉందా అన్నది మాత్రం ఎవరికి వారే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. కారు ఎక్కించేటప్పుడు రాసే బిల్ ఆఫ్ లేడింగ్‌లో ప్రతి గీతా నమోదు కావాలి.

బోర్డు మీద పేరు, రికార్డులో పేరు

మన దగ్గర ఒక పేరు జనం నోళ్లలో నానితే చాలు, దానికి ముందో వెనకో ఒక మాట తగిలించి ఇరవై కంపెనీలు పుట్టుకొస్తాయి. రంగులూ లోగో దాదాపు అవే. బోవెన్‌పల్లి నుంచి మేడ్చల్ దాకా ఎన్ని బోర్డుల మీద ఒకే పేరు కనిపిస్తుందో చూడండి. కాబట్టి పేరు వదిలేసి జీఎస్టీ నంబరు అడగండి. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా వెతికి చూడొచ్చు. అసలు పేరేమిటి, వ్యాపారం పేరేమిటి, చిరునామా ఎక్కడ, రిజిస్ట్రేషన్ ఎప్పటిది, ఇప్పుడు నడుస్తోందా రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. "ముప్పై ఏళ్ల అనుభవం" అని చెప్పుకునే కంపెనీ రిజిస్ట్రేషన్ మొన్నటి సంక్రాంతి నాటిదైతే, ఆ ముప్పై ఏళ్లు ఎక్కడివని అడగాల్సిందే.

టోకెన్ ఎవరి ఖాతాకు వేయమంటున్నారో చూసుకోండి. కంపెనీ పేరొకటి, యూపీఐలో తెరమీద కనిపించే పేరు మరొకటి అయితే ఒక్క రూపాయి కూడా వేయొద్దు. ఈ ఒక్క జాగ్రత్తతోనే చాలా మోసాలు గడప దగ్గరే ఆగిపోతాయి.

జనం అసలే అడగని కాగితం ఇంకొకటుంది. 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం స్థానంలో క్యారేజ్ బై రోడ్ యాక్ట్ 2007 వచ్చింది. 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కిరాయికి సరకు మోసే వ్యాపారం చేసేవాళ్లు కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ కావాలి. ఈ నిర్వచనంలో బుకింగ్ కంపెనీలు, ఏజెంట్లు, బ్రోకర్లు కూడా ఉన్నారు. "మేం ఏజెంట్లమేనండీ, దారిలో జరిగినదానితో మాకేం సంబంధం?" అనే మాట చట్టం ముందు నిలవదు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ అని అడిగి చూడండి. ప్రశ్న వినగానే చెప్పగలిగిన కంపెనీ అయితే, మిగతా కాగితాలు కూడా సరిగానే ఉండే అవకాశం ఎక్కువ.

ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ గుర్తింపు ఉందని చాలామంది చెప్పుకుంటారు. ఆ సంఘం నిజంగానే ట్రాన్స్‌పోర్టు సంస్థల జాబితా నిర్వహిస్తుంది. బదిలీ బిల్లులు పెట్టుకునేవాళ్లు ఆ కోడు కోసమే చూస్తారు. కోడు ఇమ్మని అడిగి, జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకున్నాకే నమ్మండి.

ఇన్సూరెన్స్ అనగానే సరిపోదు

అందరూ అడిగే ప్రశ్న "ఇన్సూరెన్స్ ఉందా?" అన్నది. అందరూ ఇచ్చే జవాబు "ఉంది సార్, మూడు శాతం ఎక్స్‌ట్రా" అని. కారు విలువ ఎనిమిది లక్షలైతే మూడు శాతమంటే 24 వేలు. ఒక్కోసారి అది కిరాయి కంటే ఎక్కువ. ఇంత డబ్బు ఎవరికి కడుతున్నామో, బదులుగా ఏం వస్తుందో తెలియకుండానే కట్టేస్తున్నాం. నా బాధంతా ఇక్కడే.

ముందు మన బీరువాలో ఉన్న పాలసీ తీసి చూడండి. మన దేశంలో ప్రైవేటు కార్ల ప్యాకేజీ పాలసీ, అంటే అందరూ కాంప్రెహెన్సివ్ అనే పాలసీలో, కారుకు జరిగే నష్టం ఏయే సందర్భాల్లో కవరవుతుందో వరసగా ఉంటుంది. అగ్నిప్రమాదం, దొంగతనం, వరద, భూకంపం లాంటివాటి తర్వాత, రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానాల ద్వారా తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా ఉంటుంది. ట్రైలర్ మీద వెళుతున్న కారు ఇందులోకి వస్తుంది. మనం ప్రతి ఏడాదీ కడుతున్న ప్రీమియంలో ఈ రక్షణ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. దీనికింద క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, తప్పనిసరి మినహాయింపు కొంత మన జేబులోంచి పడుతుంది. అయినా పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఆదుకునేది ఇదే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. కారు పంపేముందు మీ బీమా కంపెనీకి ఒక ఈమెయిలు రాసి, జవాబు దాచుకోండి. దారిలో ఉండగా పాలసీ గడువు తీరిపోకుండా కూడా చూసుకోండి.

ఇక కంపెనీవాళ్లు అమ్మే బీమా. అది నిజమైన బీమా అయితే దానిమీద ఏదో ఒక బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు, మీ కారు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, విలువ ఉంటాయి. అవేవీ లేకుండా బిల్లులో "రిస్కు కవరేజీ" అనో "ఎఫ్ఓవీ" అనో ఒక వరస రాసి డబ్బు తీసుకుంటే అది ఆ కంపెనీ నోటిమాట మాత్రమే. నష్టం జరిగాక ఆ మాట ఎంత నిలుస్తుందో చెప్పలేం.

పాలసీ నిజమైనదైనా, అందులో రకాలున్నాయి. దేశంలోపల రవాణాకు ఇచ్చే ట్రాన్సిట్ పాలసీల్లో ఏ, బీ, సీ అనే మూడు షరతుల పట్టీలు వాడతారు. సీ కింద నిప్పు, పిడుగు మాత్రమే. బీ కింద వాటితోపాటు లారీ బోల్తాపడటం, గుద్దుకోవడం, వంతెన కూలడం వంటివి. పట్టీ జారి బంపరు సొట్టపోయినా, ఎక్కించేటప్పుడు తలుపు గీసుకున్నా ఈ రెండింటిలో దేనికిందా పైసా రాదు. ఏ మాత్రం అన్నిరకాల నష్టాలకూ వర్తిస్తుంది. దానికీ మినహాయింపులుంటాయి. ట్రైలర్ మీద ఎక్కువగా జరిగేవి గీతలూ సొట్టలే కాబట్టి "ఏ క్లాజా, బీ క్లాజా?" అని అడగాలి. పాలసీ సర్టిఫికెట్ కాపీ చేతికి రాకుండా ఆ మూడు శాతం కట్టొద్దు.

ఇంటి నుంచి యార్డు దాకా, అక్కడి యార్డు నుంచి కొత్త ఇంటి దాకా వాళ్ల డ్రైవరు నడిపే ఆ కాస్త దూరాన్నీ మరవకండి. ఆ డ్రైవరు లైసెన్సు ఫొటో తీసుకోండి. లైసెన్సు లేనివాడు నడిపి గుద్దితే మీ మోటారు పాలసీ అక్కరకు రాదు.

యార్డులో ఒక పొద్దుట

మేడ్చల్ దాటాక జాతీయ రహదారి పక్కనున్న ఒక యార్డులో కార్లు ఎక్కించడం దగ్గర నిలబడి చూశాను. ట్రైలర్ వెనక ఇనుప ర్యాంపు దించారు. పై అంతస్తుకు వెళ్లే దారి కారు టైర్ల వెడల్పుకంటే జానెడే ఎక్కువ. అద్దాలు మడిచి, కిటికీ దించి, తల బయటపెట్టి వెనక చక్రం చూసుకుంటూ ఒక నడివయసు డ్రైవరు తెల్ల హ్యాచ్‌బ్యాక్‌ను ఒక్కసారి కూడా ఆగకుండా పైకి ఎక్కించాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరులో వదిలి, తలుపు పూర్తిగా తెరుచుకునే చోటు లేక ఒంటిని పక్కకు తిప్పి బయటికి జారాడు. కిందున్న కుర్రాడు చక్రాలకు ముందూవెనకా అడ్డుచెక్కలు పెట్టి, ప్రతి చక్రం మీదుగా బెల్టు తిప్పి రాట్చెట్‌తో బిగించాడు.

"బెల్టు టైరుకే వెయ్యాలమ్మా. కొంతమంది కింద యాక్సిలుకు కడతారు. దారిపొడుగూ గుంజి గుంజి సస్పెన్షన్ పోతుంది" అన్నాడు పెద్దాయన. "కస్టమర్లు వచ్చి చూడరు. వచ్చి చూస్తే మాకూ మంచిదే, పాత గీతలు మా మీద పడవు."

ఆయన చెప్పిందే చేయండి. యార్డుకు వెళ్లండి, కుదరకపోతే నమ్మకస్తుణ్ని పంపండి. కారును కడిగించాకే అప్పగించండి, దుమ్ము కింద గీతలు కనబడవు. పగటి వెలుతురులో చుట్టూ తిరిగి, పైకప్పు, అలాయ్ చక్రాలు, స్టెప్నీ, జాకీ, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ కలిపి ఒకే వీడియో తీయండి. మీటరు మీద కిలోమీటర్ల అంకె తప్పకుండా అందులో పడాలి. ట్రైలర్ మీద తీసుకెళతామని కిరాయి పుచ్చుకుని రోడ్డు మీద నడుపుకుంటూ పోయేవాళ్ల ఆటకట్టించేది ఆ అంకే. అటు దిగేసరికి ఇంటి నుంచి యార్డుకు, యార్డు నుంచి ఇంటికి పట్టే దూరమే పెరగాలి.

ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు ఉంచొద్దు. డిక్కీలో దుప్పట్లూ స్టీలు సామానూ కుక్కి పంపాలని చాలామందికి ఉంటుంది. అలా చేయొద్దు, కారు బీమా వాటికి వర్తించదు. ఫాస్టాగ్ ఖాతాలో పెద్ద మొత్తం ఉంచొద్దు. ట్రైలర్ టోల్‌గేటు దాటుతున్నప్పుడు పైనున్న కారు ట్యాగును కూడా యంత్రం చదివేసి డబ్బు కోసుకున్న ఉదంతాలున్నాయి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ నకళ్లే ఇవ్వండి. అసలువి మీ దగ్గరే ఉండాలి.

కొత్త రాష్ట్రంలో ఏడాదికి మించి ఉండేటట్టయితే మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడి ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఆ దరఖాస్తు ఫారం 28. దానిమీద ఛాసిస్ నంబరుకు కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర అతికించాలి. కారు ఢిల్లీ చేరాక ఆ ముద్ర కోసం తిప్పలుపడటం ఎందుకు? లారీ ఎక్కకముందే నాలుగైదు ముద్రలు తీసి ఉంచుకోండి. లోను ఉంటే బ్యాంకు అనుమతి కూడా ఇప్పుడే తెచ్చుకోవాలి.

బిల్టీ చేతికి రానిదే తాళాలు ఇవ్వొద్దు

కొటేషను, వాట్సాప్ మెసేజీ, విజిటింగ్ కార్డు ఇవేవీ ఒప్పందానికి సాటిరావు. లారీ రసీదు, మన ట్రాన్స్‌పోర్టువాళ్లు బిల్టీ అనో ఎల్ఆర్ అనో పిలిచే కాగితమే అసలుది. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది. పైన ఎవరి పేరు అచ్చయి ఉందో చట్టం దృష్టిలో వాళ్లే మీ కారు మోసేవాళ్లు. డబ్బు కట్టిన కంపెనీ పేరు, దీనిమీది పేరు వేరైతే అక్కడే ఆగి నిలదీయండి. పంపేవారు, అందుకునేవారు, కారు రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు, మొత్తం కిరాయి, కట్టిందెంత, మిగిలిందెంత, బీమా పాలసీ నంబరు, ట్రైలర్ నంబరు అన్నీ ఉండాలి. ఆ ట్రైలర్ నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. అది సరకు వాహనమేనా, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులో ఉన్నాయా నిమిషంలో తేలిపోతుంది.

ప్రకటిత విలువ గడిని ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. 2007 చట్టం, 2011 నిబంధనల ప్రకారం సరకు పోయినా పాడైనా ట్రాన్స్‌పోర్టరు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల దాకానే. కిరాయి పదిహేను వేలయితే అది లక్షన్నర. ఎనిమిది లక్షల కారుకు లక్షన్నర! విలువ ప్రకటించి, ఎక్కువ రిస్కు రేటు కడతానని ముందే రాసిస్తేనే ఆ హద్దు పెరుగుతుంది. సరైన బీమా ఎందుకు కావాలో ఈ లెక్కే చెబుతుంది. రసీదు మీద "ఓనర్స్ రిస్క్" అని ముద్ర కొట్టి ఇచ్చినా భయపడక్కర్లేదు. ఆ రెండు మాటలతో ట్రాన్స్‌పోర్టరు తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేడని సుప్రీంకోర్టు 2000లో నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో తేల్చింది.

దిగాక

కారు రాత్రి పదింటికి వచ్చిందనీ, డ్రైవరు తొందరపడుతున్నాడనీ సంతకం పెట్టేయకండి. ఉదయం దాకా ఆగమనండి, లేదా మంచి వెలుతురున్న చోటికి తీసుకెళ్లి మీ వీడియోతో పక్కపక్కన పెట్టి చూడండి. సొట్ట కనిపిస్తే డెలివరీ కాగితం మీదే రాసి, ఆ తర్వాతే సంతకం చేయండి. అదే రోజు కంపెనీకి, బీమా సంస్థకు ఫొటోలతో ఈమెయిలు పంపండి. సర్వేయరు చూసేదాకా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ఒప్పుకున్న కిరాయి మాత్రం కట్టాల్సిందే. అది కట్టేదాకా కారు ఆపే హక్కు ట్రాన్స్‌పోర్టరుకు ఉంటుంది. దానికి మించి అడుగుతూ కారు ఇవ్వనంటే సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద సరకు మోసేవాడు నమ్మకద్రోహానికి పాల్పడితే ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. బిల్టీ కాపీ పట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళ్లండి. ఆన్‌లైన్‌లో టోకెన్ కట్టించుకుని ఫోన్ ఆపేసినవాడి విషయంలో ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నష్టపరిహారం కోసం కోర్టుకెళ్లే ముందు ట్రాన్స్‌పోర్టరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దానికి గడువు 180 రోజులు. లెక్క మొదలయ్యేది కారు చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. "చూస్తున్నాం సార్, హెడ్డాఫీసుకు రాశాం సార్" అంటూ నెలలు జరిపేది ఈ గడువు దాటించడానికే కావచ్చు. నోటీసు ముందు పంపేసి, రాజీ మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు, మీరుంటున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్టీ, ఎక్కించే ముందు తీసిన వీడియో, రిమార్కు రాసిన డెలివరీ కాగితం, నోటీసు పంపిన పోస్టు రసీదు ఉంటే చాలు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.